గాటును బట్టి దవడ, దవడను బట్టి మందు

పురుగుమందుల కొట్టుకు రైతు తెచ్చే ఆకు మీద చాలాసార్లు పురుగు ఉండదు, అది తిని వదిలిన గుర్తే ఉంటుంది. చిల్లి, తెల్ల గీత, వెండి మచ్చ, ముడత, బంక, రంపపు పొట్టులాంటి పెంట... ఒక్కొక్కటీ ఒక్కో రకం నోరు చేసిన పని. ఆ గుర్తును సరిగ్గా పోల్చుకుంటే పురుగు కంటపడకపోయినా దాని నోరు ఎలాంటిదో చెప్పొచ్చు. మందు ఆ నోట్లోకి ఏ దారిన వెళ్తుందో, అసలు వెళ్తుందో లేదో కూడా తెలుస్తుంది. మందు పనిచేయలేదన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది.

కీటకాల నోళ్లు పైకి ఎంత వేరుగా కనిపించినా మూల సామగ్రి ఒకటే: పై పెదవి, ఒక జత దవడలు, వాటి వెనక రెండో జత (పాఠ్యపుస్తకాల్లో వీటిని జంభికలంటారు), కింది పెదవి, వీటన్నిటి మధ్యలో నాలుకలాంటి అధోగ్రసని. మిడతలోను, బొద్దింకలోను ఇవన్నీ విడివిడిగా కనిపిస్తాయి. వరి రసం పీల్చే సుడిదోమలో దవడలు, జంభికలు సన్నని సూదులుగా సాగిపోయాయి. సీతాకోకచిలుకలో దవడలు దాదాపు లేకుండా పోయి, జంభికలు రెండూ కలిసి చుట్ట చుట్టుకునే గొట్టమయ్యాయి. ఇంట్లో వాలే ఈగకు కొరకడమే రాదు. ఉమ్ము వదిలి, కరిగినదాన్ని మెత్తని పెదవితో అద్దుకుని పీల్చుకుంటుంది. అదే సీతాకోకచిలుక గొంగళిపురుగుగా ఉన్నప్పుడు గట్టి దవడలతో ఆకులు నమిలి పెరిగిందే. పురుగు పేరు ఒక్కటే చెబితే చాలకపోవడానికి ఇదో కారణం. అది ఏ దశలో ఉందో కూడా చెప్పాలి.

నమిలే దవడ నిర్మాణం చూస్తే పొలంలో కనిపించే గాట్లలో సగం అర్థమవుతాయి. మన దవడ పైకీ కిందికీ కదులుతుంది, పురుగు దవడలు పట్టకారులా పక్కల నుంచి వచ్చి మధ్యలో కలుస్తాయి. ఒక్కో దవడ తలకు రెండు చోట్ల అతుక్కుని ఉంటుంది కాబట్టి తలుపు బందు మీద తిరిగినట్టు ఒకే తలంలో తిరుగుతుంది, అటూ ఇటూ ఒరగదు. మూసే కండరం తలలో చాలా భాగాన్ని ఆక్రమించేంత పెద్దది, తెరిచేది సన్నది. దవడ కొసన కత్తిరించే పళ్లు, మొదట్లో నూరే భాగం ఉంటాయి. చాలా కీటకాల్లో కత్తిరించే అంచు జింకు, మాంగనీసు చేరి గట్టిపడి ఉంటుంది. గడ్డిజాతి మొక్కలు తినే మిడతల్లో నూరే భాగం గట్లుగట్లుగా ఉంటే, వెడల్పాకు మొక్కలు తినేవాటిలో పళ్లు మొనదేలి ఉంటాయి.

ఈ పళ్లు అరిగితే మళ్లీ పెరగవు. కుబుసం విడిచినప్పుడు మాత్రం పాత దవడతో పాటు అరిగిన అంచూ ఊడిపోయి కొత్తది వస్తుంది. కుబుసం విడిచే ముందు పురుగు తిండి మానేస్తుంది. పట్టుపురుగులు పెంచేవారు దీన్ని జ్వరం అంటారు, ఆ సమయంలో ఆకు వేయరు. పంట మీది లద్దె పురుగు పరిస్థితీ అదే. జ్వరంలో ఉన్న పురుగు మందు పడిన ఆకును కొరకదు. ఒకే చేలో అన్ని వయసుల పురుగులూ కలిసి ఉంటాయి కాబట్టి, కడుపులోకి వెళ్లి పనిచేసే మందు కొట్టిన మర్నాడు కొన్ని బతికి కనిపించడంలో వింత లేదు. ఆ ఒక్క రోజు చూసి మందు మార్చేయడం తొందరపాటు.

కొరికే ముందు కూడా కొంత తతంగం ఉంది. మిడత ఆకు మీద వాలగానే నోటి దగ్గరి స్పర్శాంగాలతో ఆకు ఉపరితలాన్ని గబగబా తట్టి చూస్తుంది, తర్వాత చిన్న గాటు పెట్టి రుచి చూస్తుంది, నచ్చితేనే తింటుంది. గొంగళిపురుగు ఆకు అంచును ముందు కాళ్ల మధ్య ఇరికించుకుని, పై పెదవి నడుమ ఉన్న గంటులో ఆ అంచు జారకుండా నిలుపుకుంటుంది. తలను ముందుకు చాచి, అక్కడి నుంచి ఒక్కో గాటే వేస్తూ ఒంటి వైపు లాక్కొస్తుంది. మళ్లీ తల చాచి ఇంకో వరస మొదలుపెడుతుంది. ఆకు అంచున అర్ధచంద్రాకారపు కోత పడేది ఇందుకే. రుచి చూసే నాడీ కణాలు జంభికల మీద ఉంటాయి. వేపలోని అజాడిరక్టిన్ వాటి ద్వారానే తినవద్దన్న సంకేతం పంపుతుంది. 5 కిలోల వేపగింజల పొడిని 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, 100 గ్రాముల సబ్బు పొడి కలిపి, 100 లీటర్లకు పెంచితే 5 శాతం కషాయం అవుతుంది. దీన్ని కొట్టిన రోజే చచ్చిన పురుగుల కోసం వెతకడం దండగ. కొత్త గాట్లు పడటం తగ్గిందా లేదా అన్నదే చూడాలి. ఎండకు దీని పస పోతుంది కాబట్టి సాయంత్రం కొట్టాలి.

చిన్న పురుగు నోరూ పెద్ద పురుగు నోరూ చేసే నష్టం ఒకేలా ఉండదు. 2018లో కర్ణాటకలో తొలిసారి బయటపడి తెలుగు రాష్ట్రాల మొక్కజొన్నకూ పాకిన కత్తెర పురుగు ఇందుకు మంచి ఉదాహరణ. గుడ్డు నుంచి వచ్చిన పిల్లపురుగు దవడలు ఆకు మందం మొత్తాన్ని పట్టలేవు. అందుకని అది ఒక వైపు పచ్చదనాన్ని గీకి తిని, రెండో వైపు పొరను వదిలేస్తుంది. ఆకును వెలుతురుకు పట్టి చూస్తే కిటికీ అద్దాల్లా తెల్లటి పొరలు కనిపిస్తాయి. పెద్దదయ్యాక సుడిలోకి దిగి, చుట్టుకుని ఉన్న లేత ఆకుల్ని అడ్డంగా తొలుస్తుంది. ఆ ఆకు విప్పుకున్నప్పుడు చిల్లులు వరసగా అడ్డంగా కనిపిస్తాయి, సుడి నిండా తడి పెంట ఉంటుంది. పొరలు కనిపించిన దశలో పిచికారీ పురుగును అందుకుంటుంది. పెంటతో సుడి మూసుకుపోయాక పై నుంచి కొట్టినది లోపలికి దిగదు.

ఆ దశలో పనికొచ్చేది విషపు ఎర. ఎకరానికి 10 కిలోల తవుడు, 2 కిలోల బెల్లం, 2–3 లీటర్ల నీటితో కలిపి 24 గంటలు పులియనివ్వాలి. వేయడానికి అరగంట ముందు మాత్రమే 100 గ్రాముల థయోడికార్బ్ కలిపి, ఉండలుగా సుడుల్లో వేయాలి. మందును ముందే కలిపి ఉంచడం ఒక పొరపాటు. చేతికి తొడుగు లేకుండా కలపడం ఇంకా పెద్ద పొరపాటు. పులిసిన బెల్లం, తవుడు వాసనకు పశువులూ కోళ్లూ వస్తాయి కాబట్టి గట్ల మీద ఉండలు పారేయకూడదు. ఈ ఎర పనిచేయాలంటే పురుగు నమిలేదై ఉండాలి. రసం పీల్చే తెల్లదోమ ఉన్న చేలో తవుడు ఉండలు వేసి ప్రయోజనం లేదు.

వరిలో దవడకు ఎదురయ్యే కష్టం ఇసుక, అంటే సిలికా. వరి మొక్క నేల నుంచి సిలికాను తీసుకుని ఆకు, కాండపు పొరల్లో దాచుకుంటుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో చేసి 1967లో ప్రచురించిన పనిలో, సిలికా ఎక్కువున్న రకాలను తిన్న కాండం తొలిచే పురుగుల దవడ అంచులు అరిగిపోయి కనిపించాయి. నత్రజని మితిమీరితే మొక్క కణజాలం మెత్తబడుతుంది, దవడకు అడ్డు తగ్గుతుంది. యూరియా ఎక్కువైన మడికే పురుగు ముందు వస్తుందన్న రైతు అనుభవానికి ఇదొక కారణం.

వరిలోనే మూడు రకాల నమిలే నోళ్లు మూడు రకాల గుర్తులు వదులుతాయి. ఆకుముడత పురుగు ఆకును పట్టుదారంతో కుట్టుకుని లోపల కూర్చుని పచ్చదనాన్ని గీకుతుంది, తెల్లటి పొడవాటి చారలు పడతాయి. చేనుకు అడ్డంగా తాడు లాగమనేది ఆ మడతలు కదిలి పురుగు నీళ్లలో పడటానికే. హిస్పా పెంకు పురుగు ఈనెల వెంబడి సన్నని తెల్ల గీతలు గీస్తుంది, దాని పిల్ల ఆకు రెండు పొరల మధ్య దూరి తింటుంది. ఇక కాండం తొలిచే పురుగు. ఆకు కొసల దగ్గర పెట్టిన గుడ్ల నుంచి పిల్లలు వచ్చి, కాండంలోకి దూరే లోపు మాత్రమే బయట ఉంటాయి. దూరాక లోపల మొవ్వును కొరికేస్తాయి. పిలక దశలో మొవ్వు ఎండి, పట్టుకుని లాగితే సులువుగా ఊడి వస్తుంది. వెన్ను దశలో గింజ పట్టని తెల్లకంకి వస్తుంది. తెల్లకంకి కనిపించాక ఆ పిలకకు చేయగలిగింది ఏమీ లేదు. అప్పుడు కొట్టే మందు ఖర్చు లెక్కలోకే వస్తుంది. నాట్లకు ముందు నారు కొనలు తుంచడం అన్నిటికన్నా చవకైన పని, గుడ్లు అక్కడే ఉంటాయి కాబట్టి.

పత్తిలో గులాబీ రంగు పురుగు కథ కూడా తొలిచే దవడదే. పూవులో ఉన్నప్పుడు రేకుల్ని కలిపి కుట్టేస్తుంది, అవే గుడ్డిపూలు. కాయలోకి దూరాక ప్రవేశించిన చిల్లి మూసుకుపోతుంది, పై నుంచి కాయ నున్నగానే ఉంటుంది. లోపల గింజను తింటూ దూదిని పాడుచేస్తుంది. దీనికోసమూ, ఇతర కాయతొలుచు పురుగుల కోసమూ మొక్కలోనే విషం పెట్టే ఆలోచనతో 2002లో బీటీ పత్తికి (బీటీ అనే బాక్టీరియా విషపు ప్రోటీన్‌ను తనలోనే తయారుచేసుకునే పత్తికి) దేశంలో అనుమతి వచ్చింది. ఆ ప్రోటీన్ పనిచేయాలంటే పురుగు కణజాలాన్ని నమిలి మింగాలి, దాని పేగులో క్షార గుణం ఉండాలి, పేగు గోడ మీద ఆ ప్రోటీన్ అతుక్కునే గ్రాహకాలు ఉండాలి. పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక ఇవేవీ చేయవు, వాటికి ఆ గ్రాహకాలూ లేవు. అందుకే బీటీ చేలల్లో కాయతొలుచు పురుగు మందులు తగ్గినా రసం పీల్చే పురుగులే మొదటి తలనొప్పిగా మిగిలాయి. తర్వాత గులాబీ పురుగు బీటీకి తట్టుకోవడం నేర్చింది. అది వేరే సంగతి, దానికి కారణం నోటిలో కాదు పేగులో ఉంది.

దవడ తేడా కంటికి కనపడేంత దగ్గరగా చూడాలంటే వంగ తోటకు వెళ్లాలి. అక్షింతల పురుగుల్లో ఒకటి మిత్రుడు, ఒకటి శత్రువు. పేనుబంకను తినే రకానికి ఒళ్లు నున్నగా మెరుస్తుంది. దాని దవడ కొన రెండుగా చీలి ఉంటుంది, మొదట్లో ఒక పన్ను ఉంటుంది. మెత్తటి పురుగును పొడిచి పట్టి నమలడానికి అది సరిపోతుంది. వంగ ఆకు తినే ఎపిలాక్నా ఒంటి మీద సన్నని నూగు ఉండి మెరుపు తక్కువ, ఒక రకానికి 28 చుక్కలుంటాయి. దాని దవడకు మొదటి పన్ను ఉండదు, కొసన చిన్న పళ్లు చాలా ఉంటాయి. ఆకును గీకి, ఈనెల వల మాత్రం మిగలనిస్తుంది. ఆకు వలలా కనిపిస్తే శత్రువు. ఆకు బాగుండి పేనుబంక తగ్గుతుంటే మిత్రుడు. రెండింటినీ చుక్కలున్న పురుగులనే చూసి మందు కొడితే వారం రోజుల్లో పేనుబంక రెట్టింపై తిరిగి వస్తుంది.

రసం పీల్చే నోటి దగ్గరికి వస్తే లెక్క మొత్తం మారుతుంది. సుడిదోమ ముక్కులా కనిపించేది కింది పెదవి, అది ఒరలాంటి తొడుగు మాత్రమే, మొక్కలోకి దిగదు. దిగేవి లోపలున్న నాలుగు సూదులు: దవడల నుంచి వచ్చినవి రెండు, జంభికల నుంచి వచ్చినవి రెండు. జంభికల సూదులు రెండూ ఒకదానికొకటి గాడిలో ఇమిడి, మధ్యలో రెండు సన్నని దారులు ఏర్పరుస్తాయి. ఒక దారిన ఉమ్ము లోపలికి పోతుంది, ఇంకో దారిన రసం పైకి వస్తుంది. దిగుతూ దిగుతూ వదిలే చిక్కటి ఉమ్ము గట్టిపడి సూదుల చుట్టూ గొట్టంలా నిలుస్తుంది. సూదులు మొక్క ఆహార నాళానికి (ఆకులో తయారైన చక్కెర పారే గొట్టానికి) చేరాక పెద్దగా పీల్చాల్సిన పనీ లేదు, నాళంలోని ఒత్తిడికి రసం దానంతటదే వస్తుంది. అందులో చక్కెర ఎక్కువ, మాంసకృత్తుల ముడిసరుకు తక్కువ. కావలసినంత మాంసకృత్తు రావాలంటే చాలా రసం తాగాలి, మిగిలిన చక్కెరను బయటికి వదలాలి. ఆ వదిలినదే తేనెబంక. దాని మీద నల్లటి మసి బూజు పెరుగుతుంది, చీమలు చేరతాయి. మామిడిలో తేనెమంచు పురుగు చేసే పనీ ఇదే.

సూది నాళాన్ని అందుకుందో లేదో కంటితో తెలియదు. 1964లో మెక్‌లీన్, కిన్సీ అనే శాస్త్రజ్ఞులు పేనుబంకను విద్యుత్ వలయంలో భాగం చేసి, మొక్కలో సూది దిగినప్పుడు కరెంటులో వచ్చే మార్పును నమోదు చేశారు. ఇప్పుడు అదే పద్ధతికి మెరుగులు దిద్ది, సన్నని బంగారు తీగను వెండి జిగురుతో పురుగు వీపుకు అతికించి, అది ఎంతసేపు వెతికింది, ఎంతసేపు తాగింది అన్నది గంటల తరబడి చూస్తారు. సుడిదోమను తట్టుకునే వరి రకాల్లో చాలా వాటి మీద పురుగు మళ్లీ మళ్లీ గుచ్చుతుంది, తాగడం మాత్రం నిలకడగా సాగదు. ఎం.టి.యు. 1010 వేసిన మడి నిలబడి, పక్కనే సాంబ మసూరి సుడులు సుడులుగా ఎండిపోయే తేడాను ఈ కోణం నుంచి చూడొచ్చు.

సుడిదోమ విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు మందు పడే చోటు. అది దుబ్బు మొదట్లో, నీటి మట్టానికి కాస్త పైన కూర్చుంటుంది. పై నుంచి ఆకుల మీద కొట్టినది అక్కడికి చేరదు. మొక్కలోకి ఇంకే మందుల్లో చాలా భాగం నీటి నాళాల్లో పైకే కదులుతాయి, కింద కూర్చున్న పురుగు రసం తాగే ఆహార నాళంలోకి తగినంత రావు. అందుకే నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలాలి. వదలకపోతే పాయలు తీసి మొదళ్లు తడిసేలా కొట్టాలి, మడిలో నీరు తీసేసి ఆరబెట్టాలి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు ఇక్కడ చేటు చేస్తాయి, సుడిదోమను తినే సాలీళ్లను, మిరిడ్ అనే మిత్ర కీటకాలను చంపి దోమ ఉధృతిని పెంచుతాయి. దుబ్బును నీళ్ల మీదికి వంచి తట్టి, రాలినవి లెక్కపెట్టకుండా మందుకు వెళ్లడం సరికాదు.

తామర పురుగు నోరు వీటన్నిటిలో విడ్డూరమైనది. దానికి ఎడమ దవడ ఒక్కటే ఉంటుంది, కుడిది గుడ్డులో ఉన్నప్పుడే ఎదగకుండా ఆగిపోతుంది. ఆ ఒంటి దవడతో కణం గోడకు చిల్లి పొడిచి, జంభికల సూదులు దించి కణంలోని సారాన్ని తోడేస్తుంది. ఖాళీ అయిన కణాల్లో గాలి చేరి వెండి మెరుపు వస్తుంది, పక్కనే నల్లటి పెంట చుక్కలుంటాయి. లేత ఆకులో కణాలు చచ్చిన చోట పెరుగుదల ఆగి, చుట్టుపక్కల పెరుగుతూనే ఉంటుంది, ఆకు ముడుస్తుంది. మిరపలో తామర పురుగు వల్ల ఆకు అంచులు పైకి తిరుగుతాయి, అది పైముడత. ఆకు అంచులు కిందికి తిరిగి, తిరగేసిన పడవలా కనిపిస్తే అది తెల్లనల్లి పని. నల్లి కీటకమే కాదు, దానికి ఎనిమిది కాళ్లు, దానికి వాడాల్సింది నల్లి మందు. ఈ తేడా చూడకుండా తామర పురుగు మందునే రెండోసారి, మూడోసారి కొట్టడం మిరప రైతుకు చాలా ఖరీదైన అలవాటు. 2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మిరప తోటల్ని దెబ్బతీసిన నల్ల తామర పురుగు ఆకు కన్నా పూవులో ఎక్కువగా ఉంది. పూత రాలిపోయింది. రేకుల అడుగున దాగిన పురుగుకు పిచికారీ తగలడం కష్టం. నీలిరంగు జిగురు అట్టలు తామర పురుగులకు, పసుపు అట్టలు తెల్లదోమకు పెట్టాలి. రంగు తారుమారైతే పడేవి తగ్గుతాయి.

సీతాకోకచిలుకల జాతిలో రెక్కలొచ్చిన పురుగులు పంటను తినవని, పిల్లలే తింటాయని చెప్పే సూత్రానికి బత్తాయి తోటలో మినహాయింపు దొరుకుతుంది. పండ్ల రసం పీల్చే రెక్కల పురుగుకు గొట్టం కొన గట్టిగా, ముళ్లతో ఉంటుంది. చీకటి పడ్డాక పండు మీద వాలి, ఆ గొట్టాన్ని తిప్పుతూ తొక్కలోకి దించి రసం తాగుతుంది. పగలు చూస్తే గుండుసూది మొనంత చిల్లి, నొక్కితే అందులోంచి రసం. కొన్నాళ్లకే చిల్లి చుట్టూ కుళ్లు పట్టి పండు రాలుతుంది. పండును కోసి చూడాలి: లోపల పాకే తెల్లటి పురుగులుంటే అది పండు ఈగ, లేకపోతే రెక్కల పురుగు. దీని పిల్లలు బత్తాయి మీద ఉండవు, కంచెల్లోని తిప్పతీగ, దూసరతీగ ఆకులు తిని పెరుగుతాయి. తొక్క మీద కొట్టిన మందు ఈ గొట్టంలోకి దాదాపు వెళ్లదు, అది తాగేది లోపలి రసం కదా. కంచెల్లో తీగలు తీసేయడం, రాలిన పండ్లు ఏరి పూడ్చడం, సాయంత్రం పొగ పెట్టడం, తక్కువ చెట్లుంటే పండ్లకు సంచులు కట్టడం, ఇవే దారి.

నిల్వ గింజల దగ్గర కూడా దవడను బట్టే జాగ్రత్త. బియ్యపు ముక్కు పురుగు పొడవాటి ముక్కు చివర చిన్న దవడలు ఉంటాయి. ఆడది వాటితో గింజకు చిల్లి పెట్టి, గుడ్డు దించి, జిగురుతో పూడ్చేస్తుంది. పిండి పురుగు దవడకు గట్టి గింజ లొంగదు, అది నూకను, పిండిని, ఇతర పురుగులు కొరికిన గింజను ఆశిస్తుంది. నూక జల్లించిన గింజను ఎండబెట్టి నిల్వచేస్తే దానికి తిండి దొరకదు. కందులు, పెసల్లోని పుచ్చు పురుగు సంగతి ఇంకోలా ఉంటుంది. రెక్కలొచ్చిన పురుగు నిల్వలో ఏమీ తినదు, గింజ మీద గుడ్లు పెడుతుంది అంతే. గుడ్డు అడుగు నుంచే పిల్ల పొట్టును తొలిచి నేరుగా గింజలోకి దిగుతుంది, బయట ఒక్క క్షణం కనపడదు. కిలోకు 5 మిల్లీలీటర్ల వంటనూనె పట్టించడం గుడ్లు పడకముందు, పడిన కొత్తలో పనిచేస్తుంది. గింజ మీద గుండ్రని కిటికీ మచ్చ కనిపించిందంటే లోపలి పురుగు బయటికి రావడానికి దారి తొలిచి సిద్ధంగా ఉంది, నూనె దాన్ని ఆపదు.